పడని గోడ

మా గనిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ తాడు మేస్త్రి. బురదలో దిగబడిన డంపర్లు, అంచు మీద ఒరిగిపోయిన లోడర్లు, దారికి అడ్డంగా చచ్చినట్టు పడిపోయిన డోజర్లు, వీటన్నిటినీ బయటికి లాగడం ఆయన పని. ఆకాశం కనిపించే గని మాది. ఏటేటా లోతు పెరుగుతూ పోయేది. అడుగున నీళ్లు తోడే పంపుల దగ్గర నేను పనిచేసేవాణ్ని. ఇంటి దగ్గర కూడా మా రెండు క్వార్టర్లకూ మధ్య ఒకటే గోడ. అందుకే ఆయన సంగతి కొంత చూసి తెలుసు, కొంత గోడ అవతలినుంచి విని తెలుసు.

పని మొదలుపెట్టే ముందు ఉక్కుతాడును నేల మీద పొడుగ్గా పరిపించేవాడు. పాత గుడ్డ ఒకటి పిడికిట్లో పట్టుకుని ఆ చివరనుంచి ఈ చివరదాకా తుడుచుకుంటూ నడిచేవాడు. తాడులో ఎక్కడైనా సన్నతీగ తెగి లేచి ఉంటే గుడ్డ దానికి తగులుకుంటుంది. గుడ్డ తగులుకున్న తాడును పక్కన పడేయవలసిందే. తర్వాత అందరినీ దూరం జరిపేవాడు. తాడు ఎంత పొడుగుంటే అంతకన్నా దూరం. బిగిసిన తాడు తెగితే ఎటు కొడుతుందో తాడుకే తెలియదనేవాడు. చెయ్యి ఊపి సైగ చేసే హక్కు ఒక్క మనిషిదే. ఎవడైనా ఉత్సాహం పట్టలేక పక్కనుంచి "లాగు, లాగు" అని అరిచాడా, మేస్త్రి చెయ్యి దించేసేవాడు.

"ఊరేగింపు అనుకుంటున్నార్రా? ఆ అరుపులన్నీ అయ్యాక కబురు చెయ్యండి, వస్తా" అని టీ తాగడానికి వెళ్లిపోయేవాడు. మళ్లీ మొదటినుంచి. అందుకే ఆయనంటే గౌరవం కన్నా విసుగు ఎక్కువ.

విసుగులో ఇల్లు కూడా తక్కువ తినలేదు. "కూరగాయల సంచి భుజానికి తగిలించుకునే ముందు పట్టీలు లాగి లాగి చూస్తారమ్మా, బజార్లో నాకు తల కొట్టేసినట్టుంటుంది" అని ఆయన భార్య మా ఆవిడతో చెప్పి నవ్వేది.

మేస్త్రి భార్యకు ఒక్కడే తమ్ముడు. తల్లి పోతే చంకనేసుకుని పెంచింది. అతనూ మా గనిలోనే ఆపరేటర్. పని మీదికి రాని వాళ్లకు బదులుగా ఎక్కుతూ, ఇవాళ ఈ బండి, రేపు ఆ బండి అన్నట్టు చాలా ఏళ్లు గడిపాడు. చివరికి ఒక పెద్ద ఎక్స్‌కవేటర్ అతని చేతికి వచ్చింది. గనిలో సొంత బండి ఉన్నవాడి నడకే వేరు. రోజూ దాని అద్దాలు తనే తుడుచుకునేవాడు. ఇంకొకరు సీటు ముందుకో వెనక్కో జరిపితే ఆ పూటంతా మొహం మాడ్చుకుని ఉండేవాడు. బండికి ఏమన్నా అయితే మళ్లీ బదులు ఎక్కే వరసలో నిలబడాలి, అది అందరికీ తెలిసిన విషయమే.

ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. గని అడుగున, తవ్వగా నిలువుగా మిగిలిన ఎత్తయిన మట్టిగోడ పక్కన తవ్వుతుండగా ఆ బండి ఎడమవైపు చక్రాలపట్టా మెత్తనేలలో కూరుకుపోయింది. బయటికి తెద్దామని అతను ముందుకీ వెనక్కీ తిప్పాడు. తిప్పినకొద్దీ లోపలికి దిగింది. తెల్లవారేసరికి కుండపోత. నా రెండు పంపులూ గొంతు చించుకుంటున్నాయి కానీ, నీటిమట్టం తగ్గకపోగా అంగుళం అంగుళం పైకి వస్తోంది. సాయంత్రానికి ఇంజను మునుగుతుందని చూసినవాళ్లందరికీ అర్థమైంది.

మేస్త్రి వచ్చాడు. బండి దగ్గరికి పోలేదు. చుట్టూ తిరిగి గోడ పైకి ఎక్కాడు. వానలు మొదలైనప్పుడే గోడ నెత్తిన నేల మీద సన్నని పగులు ఒకటి చూసి, దానికి అటొకటి ఇటొకటి మేకులు పాతి, మధ్యన నూలుదారం కట్టి ఉంచాడు. కట్టినప్పుడు దారం కొంచెం వదులుగా ఉంది. ఇప్పుడు మీటితే మోగేలా బిగిసి ఉంది. ఆయన దిగివచ్చి, కింద నిలబడి గోడనే చూస్తూ ఉండిపోయాడు. గోడమీదనుంచి ఒకటీ అరా గులకరాళ్లు జారుతున్నాయి. వానలో ఏ గోడైనా అంతమాత్రం రాలుస్తుంది.

మేనేజరు గొడుగు పట్టుకుని వచ్చాడు. నిదానస్తుడే. "ఏం మేస్త్రీ, ఏమంటారు? పట్టా ముందు బురద తవ్వి, రాళ్లు పేర్చి, తాడు తగిలిస్తే పైనుంచి డోజర్ లాగెయ్యదూ?"

"లాగేస్తుంది సార్. తవ్వాలంటే మనుషులు దిగాలి. ఆ గోడ కిందికి నేను మనుషుల్ని దింపను."

"పడుతుందంటారా?"

"చెప్పలేను సార్."

మేనేజరు గొడుగు ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. "మీరు వద్దంటే నేను దింపమనను. కానీ పైవాళ్లు అడిగితే మీ మాట మీదే ఆగిపోయామని చెప్పాల్సొస్తుంది."

"చెప్పండి సార్."

అప్పటిదాకా పక్కన నిలబడి వింటున్న బావమరిది ఇక ఆగలేకపోయాడు. నిలువెల్లా తడిసి ఉన్నాడు. చేతిలో పార ఉంది.

"బావా, నేనొక్కణ్నే దిగుతా. నీ వాళ్లెవరూ రానక్కర్లేదు. తాడు కూడా నేనే తగిలిస్తా."

"నువ్వొక్కడివే దిగితే, మీ అక్కకి నేనొక్కణ్నే పోయి చెప్పాలి. కుదరదు."

"దారం చూసొచ్చి చెప్తున్నావా ఇదంతా? నూలుదారం తడిస్తే బిగుసుకుంటుంది. బట్టలారేసే ఆడవాళ్లనడిగినా చెప్తారు. ఆమాత్రం తెలీదా నీకు?"

"తెలుసు."

"తెలిసీ?"

"పగులు పెరిగినా బిగుస్తుందిరా. రెంటిలో ఏదో దారం చెప్పదు."

"అంటే నీకూ తెలీదు! తెలీకుండానే నా బండి ముంచుతున్నావు!"

బావమరిది రెండడుగులు కిందికి వేశాడు. మేస్త్రి వెళ్లి అతని చేతిలోని పార పట్టుకున్నాడు. గుంజుకోలేదు, ఊరికే పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకే పార పట్టుకుని వానలో నిలబడ్డారు. చుట్టూ ఉన్నవాళ్లం ఎటు చూడాలో తెలియక నీళ్లవంక చూశాం. చివరికి బావమరిది పార వదిలేసి, వెనక్కి తిరగకుండా పైకి వెళ్లిపోయాడు.

బండి మునిగింది. ముందు ఇంజను, తర్వాత సీటు, తర్వాత క్యాబిన్ కప్పు. మర్నాటికి మట్టి తవ్వే తొట్టి చెయ్యి మాత్రం పైకి కనిపిస్తూ ఉంది. గోడ పడలేదు. ఆ రోజు పడలేదు, ఆ వారం పడలేదు. మేస్త్రి నూలుదారం తీసేసి సన్నటి ఇనుపతీగ కట్టాడు. ఆ తీగ ఒక్క వెంట్రుకవాసి కూడా బిగియలేదు.

గనిలో జనానికి నోటినిండా పని దొరికింది. టీ బంకు దగ్గర మేస్త్రి కనిపిస్తే చాలు, "జరగండ్రోయ్, పక్క గోడ పడుతుందేమో" అని ఎవడో ఒకడు బెంచీ మీదనుంచి లేచేవాడు. మేస్త్రి ఆ బెంచీ మీదే కూర్చుని టీ తాగేవాడు. ఆయనకు పైనుంచి ఒక మందలింపు వచ్చింది, ఆ ఏడు రావలసిన జీతం పెంపు ఆగింది. బావమరిది మళ్లీ బదులు ఎక్కే వరసలోకి పోయాడు. అక్క గడప తొక్కడం మానేశాడు.

ఆ రోజుల్లో గోడ అవతల మాటలు తక్కువ, గిన్నెల చప్పుడు ఎక్కువ. ఒకసారి మాత్రం ఆవిడ గొంతు స్పష్టంగా వినిపించింది.

"వాడి బతుకు నీళ్లపాలు చేసి, ఎలా మింగుడు పడుతోందండీ మీకు?"

"వాడు ఉన్నాడుగా."

"ఉన్నాడు. నా ఇంటికి రాకుండా ఉన్నాడు."

మర్నాటినుంచి ఆవిడ తమ్ముడికి క్యారేజీ కట్టి మేస్త్రి చేతికే ఇచ్చి పంపడం మొదలుపెట్టింది. ఆయన దాన్ని షెడ్డు బయట మేకుకు తగిలించి వెళ్లేవాడు. సాయంత్రానికి ఖాళీ క్యారేజీ అదే మేకుకు ఉండేది. ఎదురుపడితే ఒకరు టోపీ సర్దుకునేవారు, ఇంకొకరు బూటు తాళ్లు చూసుకునేవారు.

వానలు వెనకబట్టాక నీళ్లు తోడేశాం. తీగ కదలలేదని మేస్త్రి తనే చెప్పి, తనే మనుషుల్ని దింపి, ఆ బండిని పైకి లాగించాడు. క్యాబిన్ తలుపు తెరవగానే మోకాలిలోతు బురద కారింది. బావమరిది ఆ రోజు డ్యూటీలో ఉండి కూడా చూడటానికి రాలేదు. బండిని విప్పి పార్టుల కింద వాడుకున్నారు.

రెండో ఏడు గడిచేటప్పటికి అతనికి మరో బండి ఇచ్చారు. పాతదే, అయినా తనది. ఆ చలికాలంలో అవతలి వైపు తవ్వుతుండగా ఒక మధ్యాహ్నం దాని ముందుభాగం మెత్తబడిన నేలలోకి ఒరిగింది. ఎక్కువ కాదు. పక్కన ఒక గట్టు ఉంది. అంత ఎత్తయిందేమీ కాదు. సూపర్‌వైజరు పైనుంచి చెయ్యి ఊపాడు.

"రివర్స్ కొట్టు, వచ్చేస్తుంది!"

అతను ఇంజను ఆపి కిందికి దిగాడు. దిగినవాడు దూరంగా వచ్చి నిలబడ్డాడు.

"మా బావని పిలిపించండి."

"దీనికి మీ బావెందుకయ్యా? రెండు నిమిషాల పని."

"ఆయన వచ్చి చూసేదాకా ఎక్కను."

చుట్టూ ఉన్నవాళ్లకు నవ్వాగలేదు. "ఒకటి ముంచాడు చాలలేదా? ఇది కూడా ముంచమంటావా?" అని ఒకడు అరిచాడు.

"ముంచితే ముంచనీరా. నీ అబ్బ సొమ్మా?" అన్నాడతను.

కబురు అందుకుని మేస్త్రి వచ్చాడు. బండి దగ్గరికి పోకుండా మొదట గట్టు పైకెక్కాడు. అక్కడ తీరిగ్గా తిరిగాడు. కూర్చుని మట్టి చేత్తో నలిపి చూశాడు. సూపర్‌వైజరు గడియారం చూసుకుని, నిట్టూర్చి, రాయి మీద కూలబడ్డాడు. మేస్త్రి దిగి వచ్చి బండి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. అప్పుడు బావమరిది వైపు చూశాడు. రెండేళ్ల తర్వాత అతనితో అన్న మొదటి మాట అదే.

"బాగానే ఉందిరా. ఎక్కు."

"తాడు?"

"అక్కర్లేదు. నిదానంగా వెనక్కి రా. నా చెయ్యి చూస్తూ రా."

అతను ఎక్కాడు. మిగిలినవాళ్లని మేస్త్రి ఎప్పట్లాగే దూరం జరిపాడు. ఆ పూట ఎవరూ పక్కనుంచి అరవలేదు. బండి వెనక్కి వస్తున్నంతసేపూ బావమరిది తల తిప్పి ఆ ఒక్క చేతినే చూస్తూ ఉన్నాడు. గట్టినేల మీదికి వచ్చాక మేస్త్రి చెయ్యి దించి, ఇంకేదో పని ఉన్నట్టు వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం గోడ అవతల మూడు గొంతులు వినిపించాయి. ఏం మాట్లాడుకున్నారో వినలేదు. మా ఆవిడ రేడియో శబ్దం పెంచింది.