గున్నమ్మ మూడు రాజీనామాలు

కళింగపట్నం నుంచి వచ్చే గున్నమ్మ శ్రీకాకుళంలోని మా ఆసుపత్రిలో తొమ్మిదేళ్లు ప్రసవాల వార్డు కడిగింది. కాగితాల ప్రకారం మాత్రం మూడుసార్లు ఉద్యోగం మానేసి, నాలుగుసార్లు కొత్తగా చేరింది. ఒక్కరోజు కూడా చీపురు కింద పెట్టలేదు.

మా దగ్గర పద్ధతి అది. టెండరు మారిందంటే పాత ఏజెన్సీ 'నా ఇష్టంతోనే మానేస్తున్నాను' అన్న కాగితం మీద సంతకం పెట్టించుకునేది. కొత్త ఏజెన్సీ 'ఈ రోజే చేరుతున్నాను' అన్నదాని మీద. ఏ రాయి అయితేనేం పళ్లూడగొట్టుకోవడానికి! రెండూ టైపు కొట్టింది నేనే, సిగ్గులేని గుమాస్తాని. "అందరూ ఎట్టేరు కద బాబూ" అని చదవకుండానే గున్నమ్మా సంతకం పెట్టేసేది.

2017లో వచ్చిన ఐదో ఏజెన్సీ మరీ తెలివైనది. వాళ్ల ఒప్పందంలో అసలు మనుషులే లేరు! గచ్చు ఎన్ని అడుగులు, ఎంత శుభ్రంగా ఉండాలి, అంతే. అందుకని సగం మందిని తీసేస్తారట, వరసగా మూడేళ్లు చెయ్యలేదన్నది సాకు. వాళ్ల మేనేజరు ఆనంద్‌కుమార్, ఇస్త్రీ మడత నలగని మహానుభావుడు, గున్నమ్మ ఫైలు తిరగేశాడు.

"కిందటేడే చేరావు. కొత్తదానివి. రేపట్నుంచి రానక్కర్లేదు."

"ఓలమ్మో! తొమ్మిదేళ్ల నుండి ఇక్కడే సేస్తన్నాను బాబూ!" మొగుడు పోయిన మనిషి గున్నమ్మ, ఈ పనే ఆధారం.

"మానేశానని సంతకాలు పెట్టింది నువ్వే కదా?"

నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మధ్యాహ్నమే వార్డులో తూము పూడుకుపోయి మురుగు పైకి తన్నింది. గంటలో తనిఖీ! గచ్చు పాడైతే ఒప్పందమే పోతుంది, మేనేజరు అయ్యగారికి చెమటలు పట్టాయి. తూము మూత మీద కూడా టైల్సు పరిచేశారు, అదెక్కడుందో గున్నమ్మకి తప్ప ఇంకెవరికీ తెలియదు. సంచీ సర్దుకుంటున్న ఆవిడని బతిమాలి వార్డులోకి తీసుకొచ్చాడు.

"మూత ఎక్కడుందో చూపించండమ్మా!"

"కొత్తదాన్ని కద బాబూ, నాకేటి తెలుస్తాది? తొమ్మిదేళ్లదాన్నని, పన్లో ఉంచుతానని రాసియ్యి, అప్పుడు సెప్తాను."

మురుగు బూట్లలోకి దిగేసరికి రాశాడు. ముద్ర గుద్ది మరీ ఇచ్చాడు. గున్నమ్మ నాచేత రెండుసార్లు చదివించుకుని, కాగితం జాకెట్లో దోపుకుని, చీర ఎగ్గట్టింది.

"తప్పుకో బాబూ. మూత నీ కాళ్ల కిందే ఉన్నాది."