లింబాద్రి సంచి మీది మాట

సౌదీలోని తబూక్‌లో విదేశీ ఇంజనీర్లుండే కాంపౌండులో లింబాద్రిది ఏసీ పని. ఏడో తరగతితో బడి మానేసిన ఈ జగిత్యాల మనిషి ఇంగ్లిష్ గడగడా మాట్లాడతాడంటే, ఏడేళ్లు వెంట తిప్పుకున్న ఆస్ట్రేలియా ఇంజనీరు గ్రెగ్ చలవే.

పని బాగా చేసిన ప్రతిసారీ గ్రెగ్ అతని వీపు తట్టి "బాస్టర్డ్" అనేవాడు. మన దగ్గర ఆ మాటకు తలలు పగులుతాయి, కన్నతల్లిని అన్నట్టే కదా! లింబాద్రి మూడు రోజులు గ్రెగ్ మొహం చూడలేదు. తీరా ఆ గ్రెగ్ ఫోన్లో తన సొంత తమ్ముణ్ని కూడా అదే మాటతో ముద్దుగా పిలవడం విన్నాక గాని కోపం చల్లారలేదు. ఓహో, వీళ్లకిది 'మావోడే' అన్నట్టన్నమాట అనుకున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఇంగ్లిష్ మాట్లాడే వాళ్లందరికీ అదే లెక్క అనుకున్నాడు, అమాయకుడు.

గ్రెగ్ వెళ్లిపోయాక అమెరికా నుంచి విల్సన్ అనే మేనేజరు వచ్చాడు. జూలై ఎండలో లింబాద్రి గోడ మీది ఏసీ దించుతుంటే, పెద్దాయన తానే వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. లింబాద్రికి ప్రేమ పొంగుకొచ్చింది. దిగి, ఆయన వీపు తట్టి, "థాంక్యూ, యూ ఓల్డ్ బాస్టర్డ్" అన్నాడు, పదిమంది పనివాళ్ల ముందు. విల్సన్ మొహం కందగడ్డ అయింది.

మర్నాడు ఆఫీసుకు పిలుపొచ్చింది. కొలువు తీసేసి ఇంటికి పంపే ఫైనల్ ఎగ్జిట్ కాగితం లోపల బల్ల మీద సిద్ధంగా ఉందట. మేనేజరును బూతు తిట్టాడని అందులో కారణం రాశారట. ఇక విల్సన్ సంతకమే తరువాయి.

గుమ్మం బయటే ఊరివాడు, డ్రైవరు రాజేశం చెయ్యి పట్టుకుని ఆపాడు. "అన్నా, 'నాకు ఇంగ్లిష్ రాదు, తెల్వక అన్న' అని చెప్పు. నౌకరి నిలుస్తది."

"ఏడేండ్లు నేర్సుకున్నది రాదని ఎట్ల చెప్త రా?" అని లింబాద్రి చెయ్యి విడిపించుకున్నాడు. ఉద్యోగం పోతే పోయింది, తిట్టాడన్న మచ్చ మాత్రం మోయలేడు.

లోపలికెళ్లి తన పనిముట్ల సంచిని బల్ల మీద పెట్టాడు. గ్రెగ్ వెళ్లేనాడు ఇచ్చిన సంచి అది. దాని మీద నల్ల సిరాతో, ఇంగ్లిష్‌లో, 'లింబాద్రికి, తబూక్‌లోకెల్లా మంచి బాస్టర్డ్‌కి, గ్రెగ్' అని ఉంది. ఈ మాటకు తానూ మొదట మూడు రోజులు అలిగానని, గ్రెగ్ దేశంలో ముద్దయినది విల్సన్ దేశంలో కూడా ముద్దే అనుకోవడం తన తప్పేనని ఇంగ్లిష్‌లోనే చెప్పాడు.

"పంపుతె పంపుండ్రి సారూ. తిట్టినని మాత్రం రాయకుండ్రి. మీరు నిచ్చెన వట్టుకుంటే నాకు గ్రెగ్ సారే యాదికొచ్చిండు."

విల్సన్ ఆ రాత రెండుసార్లు చదివాడు. పెన్ను తీశాడు. పెన్ను కాగితం మీదికి రాలేదు, సంచి మీదికొచ్చింది. గ్రెగ్ పేరు కింద 'నిజమే' అని ఇంగ్లిష్‌లో రాసి, సంతకం పెట్టి, ఎగ్జిట్ కాగితాన్ని నాలుగు ముక్కలుగా చింపాడు. నవ్వుతూ, ఇంకో అమెరికావాడితో మాత్రం ఆ మాట అనొద్దన్నాడు.

ఆ రోజు లింబాద్రి, సంచి మీది రాత అందరికీ కనబడేలా దాన్ని భుజాన వేసుకుని, కాంపౌండంతా ఒక చుట్టు తిరిగాకే పనిలోకి దిగాడు.