వేటగాళ్ల సినిమాలో ఒక ఆమేన్

బాప్తిస్మం తీసుకోబోయేవాళ్లను మా సంఘంలో ముందటి ఆదివారం అందరి ఎదుటా నిలబెట్టి ప్రశ్నలు అడుగుతారు. లోక వినోదాలు విడిచిపెట్టావా అన్నది వాటిలో ఒకటి. అడిగేది సంఘపెద్దగారు. చిన్నవయసులో ఆయన ఎదుట అవునన్న నాటి నుంచి నేను సినిమాహాలు గడప తొక్కలేదు. సండేస్కూల్లో నా దగ్గర వాక్యం నేర్చుకున్న పిల్లలు కూడా ఆ ప్రశ్నకు అవుననే చెప్పారు. మా అమ్మాయి మాత్రం చెప్పలేనంది.

అది రాజమండ్రిలో డిగ్రీ చదువుతోంది. వేరే గ్రహాల నుంచి మనుషుల్ని వేటాడడానికి దిగే జీవుల సినిమాలంటే దానికి ప్రాణం. అందులో కొత్త భాగం సరిగ్గా ఆ ప్రశ్నలడిగే ఆదివారానికి ముందే వచ్చింది.

"అబద్ధమాడి నీళ్లల్లో దిగమంటావా?" అంది.

"అయితే మానెయ్యి."

"దేన్ని మానెయ్యమంటున్నావో నీకు తెలుసా అమ్మా? ఒక్కసారి నా పక్కన కూర్చుని చూడు. పాపమని నీకనిపిస్తే మానేస్తాను."

బిడ్డ రక్షణ కోసం వెళ్లాను. ఆ మాట ఎవరి ముందైనా చెప్పగలను.

మ్యాట్నీకి వరుస మధ్యలో సీట్లు దొరికాయి. రెండువైపులా కాలేజీ కుర్రాళ్లు. బయటికి రావాలంటే వరుసంతా లేవాలి. తలుపులు వేసి లైట్లు ఆర్పేశారు.

తెరమీద కొందరు సైనికులు తెలుగులో తిట్టుకుంటూ అడవిలో చిక్కుకున్నారు. వాళ్లలో తుపాకీ పట్టిన ఒక అమ్మాయి కూడా ఉంది. వేటగాడు కనపడడు. వాడున్నచోట గాలి కొంచెం వంకర తిరుగుతుంది, అంతే. చిన్నప్పుడు కంఠస్థం చేసిన కీర్తనలో వేటగాడి ఉరి మాట ఉంది. దానిమీద పిల్లలకు ఎన్నో పాఠాలు చెప్పాను. ఉరిలో పడినవాళ్లు ఊపిరి ఎలా బిగబడతారో మాత్రం అక్కడే చూశాను.

"వాడికెందుకే వీళ్లమీద అంత కక్ష?"

"కక్ష కాదమ్మా, వేట. ఆయుధం లేనివాళ్ల జోలికి రాడు."

"అయితే ఆ పిచ్చిపిల్ల తుపాకీ పారెయ్యచ్చుగా!"

ఆ పిల్ల కాలు బండకింద ఇరుక్కుంది. వాడు పైకొచ్చేశాడు. ప్రార్థన చేసేటప్పటిలా నా పైట ఎప్పుడో తలమీదికి చేరింది. "ప్రభువా, ఈ బిడ్డను విడిపించు!" అని అరిచేశాను.

మా సంఘంలో ఒకరు గొంతెత్తి ప్రార్థిస్తే మిగతావాళ్లు ఆమేన్ అంటారు. ఆలోచించి అనేది కాదు, నిద్రలో కూడా వచ్చేస్తుంది. వెనక వరుసల్లోంచి నిండుగొంతుతో "ఆమేన్!" వినపడింది.

హాలంతా గొల్లుమంది. "ఒరేయ్, కానుకల సంచి తిప్పండ్రా!" అన్నాడొకడు. "ఆంటీ, వాడిది వేరే గ్రహమండీ, మీ ప్రార్థన అక్కడిదాకా వెళ్లదు!" అన్నాడు ఇంకొకడు. మా అమ్మాయి నవ్వలేదు. ఆ గొంతు ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

ఇంటర్వెల్‌లో లైట్లు వెలిగాయి. గుమ్మం పక్క సీట్లో, తలకి రుమాలు చుట్టుకుని, సంఘపెద్దగారు. నేను బయటికి వెళ్లాలంటే ఆయన ముందునుంచే వెళ్లాలి. ఆయన లేస్తే నేను చూస్తానని ఆయన భయం. ఇద్దరం కదల్లేదు. మా అమ్మాయి మాత్రం తిన్నగా వెళ్లి "వందనాలు తాతగారండి" అంది. తిరిగొచ్చి కూర్చుని, "ఈ సినిమాలన్నిట్లో మొదటిదే బాగుందంటమ్మా," అని నెమ్మదిగా చెప్పింది.

బయటికొచ్చాక, "ఇప్పుడు చెప్పు, పాపమా?" అని అడిగింది. ఆ పిల్ల కోసం నిజంగా ప్రార్థించినదాన్ని, పాపమని ఎలా అనను? తెలియదన్నాను.

"అయితే ఉన్నదున్నట్టు చెప్తాను," అంది.

ఆదివారం దాని వంతు వచ్చేసరికి పెద్దగారి గొంతు తగ్గింది. అయినా అందరూ వింటున్నారు, అడగక తప్పలేదు.

"సినిమాలు చూస్తానండి. మానేశానని చెప్పలేను. యేసయ్యను నమ్మానండి, అది చెప్పగలను."

నేను లేచాను. "మొన్న దాని పక్కన కూర్చుని నేనూ చూశానండి."

అందరూ నావైపు తిరిగారు. నేను ఆయనవైపు చూశాను. ఎవరి తప్పు వాళ్లే ఒప్పుకోవాలి, సంఘంలో ఇంకొకరి తప్పు ఎత్తకూడదు. అది మా నియమం. పిల్లలకు నేర్పింది నేనే. ఆయన పేరెత్తకుండా కూర్చున్నాను.

"ఇద్దరూ ప్రార్థనలో ఉండండి. బాప్తిస్మం సంగతి తర్వాత చూద్దాం," అన్నారాయన. నా సండేస్కూలు వేరొకరికి ఇచ్చారు. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు కూడా దూరంగా ఉండమన్నారు.

తర్వాతి వారం కాలవ రేవులో మిగతా పిల్లలు నీళ్లల్లో మునిగి లేస్తుంటే మా అమ్మాయి గట్టున నిలబడి వాళ్లకు తువ్వాళ్లు అందించింది.

ఇంటికొచ్చాక, "ఆయన సంగతి నేను చెప్పేస్తానే," అన్నాను.

"చెప్తే ఏంటమ్మా, నాకు బాప్తిస్మం ఇస్తారా? ఆయన్ని కూడా గెంటేస్తారు, అంతే."

ఉండబట్టలేక ఆయన ఇంటికి వెళ్లాను. "మీరే చెప్పండి బాబాయిగారూ," అన్నాను.

"ప్రతివారం చెబుదామనే లేస్తానమ్మా. ఇన్నేళ్లూ ఆ ప్రశ్న అడిగినవాణ్ణి, ఏ నోటితో చెప్పను?"

అంతలో ఆయన భార్య టీ తెచ్చారు. ఆవిడకేమీ తెలియదు. తాగి వచ్చేశాను.

ఇప్పటికీ ఇద్దరం ప్రతి ఆదివారం వెళ్తున్నాం. వేరే సంఘం చూసుకోమన్నవాళ్లున్నారు. నేను దేవుణ్ణి తెలుసుకున్న గోడలివి, ఎక్కడికి పోను? నెల మొదటి వారం రొట్టె పళ్లెం పట్టుకుని ఆయనే బెంచీల మధ్యకు వస్తారు. మా బెంచీ దగ్గరికి రాగానే పళ్లెం ఛాతీకి దగ్గరగా లాక్కుంటారు. దారి ఇరుకు. ఆయన వెళ్లడానికి వీలుగా మా అమ్మాయి మోకాళ్లు పక్కకు తిప్పుకుంటుంది.