వనజాక్షి మెత్తిన నేల

విడవలూరు దిగువన ఉప్పుటేటి గట్టు మీద ఉన్న పాలెంలో మట్టినేల మెత్తాలంటే వనజాక్షినే పిలవాలి. ఇళ్ళకు సిమెంటు వచ్చినా పంచలు ఇంకా మట్టివే. ఆమె దిమ్మిస కొట్టిన నేల మీద చెంబెడు నీళ్ళు పోస్తే జారిపోవాల్సిందే తప్ప లోపలికి ఇంకవు.

ఆ ఎండాకాలం ఏట్లో కిక్కిస గడ్డి దట్టంగా పెరిగి పడవల దారి మూసేసింది. మగవాళ్ళు దిగి వేళ్ళతో, వాటికి అంటిన ఒండ్రుమట్టితో సహా పెకలించి గట్టున పోశారు. వానలకు ముందు పంచలు మెరక చేసుకోవడం పాలెంలో మామూలే. నల్లటి ఆ ఒండ్రు చూడగానే వనజాక్షికి ప్రాణం లేచొచ్చింది.

"దుబ్బుల ముక్కలుండాయి గదమే అందులో" అన్నాడు భర్త కామాక్షయ్య.

"చచ్చిన ముక్కలు ఏం చేస్తాయి? వరిగడ్డి కలిపే పని తప్పింది. మట్టిని గట్టిగా పట్టుకుంటాయిలే."

ముందు తన పంచ మెత్తింది. తర్వాత పక్కింటి పెంచలమ్మ పంచ, ఆపైన వీధిలో అడిగినవాళ్ళందరివీ.

వానలు పడ్డాయి. పురిటికొచ్చిన కూతురు వినీల ఓ పొద్దున పంచలోంచి కేక పెట్టింది. చాప మీద పడుకోబెట్టిన పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. వీపున ఎర్రటి గాటు. చాపను చీల్చుకుని దబ్బనంలాంటి మొలక ఒకటి పైకి లేచివుంది.

వనజాక్షి దాన్ని పట్టి లాగింది. తెగలేదు. నేల పెళ్ళలు పెళ్ళలుగా లేస్తుంటే తెల్లటి తాడు లాంటిది గోడ దాకా బయటపడింది. కణుపు కణుపుకీ ఓ మొలక.

"ఇది వేరు కాదమ్మా, మట్టిలో పాకే కాండం" అంది వినీల బిడ్డను ఎత్తుకుని. "కణుపున్న ముక్క ఒక్కటి చాలు, మళ్ళా మొక్కవుతాది. నువ్వు మెత్తింది నేల కాదు, నారుమడి!"

వనజాక్షికి పెంచలమ్మ మనవడు కూడా కింద చాప మీదే పడుకుంటాడని గుర్తొచ్చింది. గునపం తీసుకుని పరుగెత్తింది.

"ఏందిమే, నువ్వు మెత్తిన నేలను నువ్వే తవ్వుతావా? పొద్దున్నే దయ్యం పట్టిందా?" అంది పెంచలమ్మ నవ్వుతూ.

"బిడ్డను ఎత్తుకో అక్కా, ముందు బిడ్డను ఎత్తుకో!"

మొదటి పోటుకే పెళ్ళ లేచింది. కింద తెల్లటి మొనలు బారులు తీరి ఉన్నాయి, ఇంకా పైకి రానివి. పెంచలమ్మ నవ్వు ఆగిపోయింది. ఆమె మొగుడు మట్టిని తట్టకెత్తి ఏటివైపు నడవబోతే వనజాక్షి అడ్డం నిలబడింది.

"ఏట్లో పొయ్యొద్దన్నా, మళ్ళా దారి మూస్తాది. ముక్కలు ఏరి ఎండబెట్టి కాల్చాల."

"ఈ మట్టి ఇంకా ఎవరి పంచల్లో పోసినావే?" అనడిగింది పెంచలమ్మ.

వనజాక్షి వీధి ఆ చివరి దాకా చూసింది. ప్రతి పంచలోనూ చాపలు పరిచే ఉన్నాయి. గునపం భుజాన వేసుకుని, "బిడ్డల్ని ఎత్తుకోండి!" అని అరుస్తూ కదిలింది.