రెండు గుడిసెల మధ్య చదరంగం

మా చిన్నప్పుడు అమీర్‌పేటలో దూలం మీది నుంచి ఎలుక చచ్చి పడిందంటే... ఇక ఆ ఇంట్లో పొయ్యి వెలిగించేవాళ్ళు కాదు. ప్లేగు వచ్చిందని అర్థం. చాపలు, బిందెలు బండికెత్తుకొని ఊరి బయటికి వెళ్ళిపోవాల్సిందే.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా ఇంట్లోనూ పడింది. అమ్మ నా కళ్ళు మూసింది కానీ, అప్పటికే చూసేశాను...

పంజాగుట్ట వైపు బీడులో నాయిన తాటికమ్మలతో గుడిసె వేశాడు. అప్పట్లో అక్కడ రాళ్ళగుట్టలు, సీతాఫలం చెట్లే. మాలాగే వచ్చినవాళ్ళ గుడిసెలు చుట్టూ ఉండేవి. పొద్దున లేవగానే పెద్దవాళ్ళు ఒకరినొకరు అడిగే మొదటి మాట, "అందరు మంచిగున్నరా?" అది వినబడగానే నేను దుప్పటి ముసుగు పెట్టుకునేదాన్ని.

కొన్నాళ్ళకే మా నర్సింహన్నకు జ్వరం వచ్చింది. నాయినతో పాటు బట్టలు కుట్టే వయసువాడు. నాయిన కేక వినబడేంత దూరంలో ఇంకో చిన్న గుడిసె వేసి అన్నను అందులో పడుకోబెట్టాడు. అమ్మ ఒక్కతే వెళ్ళి గంజి తాగించి వచ్చేది. వచ్చాక వేడినీళ్ళు పోసుకుంటే గానీ నన్ను ముట్టుకునేది కాదు. నన్నయితే మా గుమ్మం దాటనిచ్చేవారే కాదు.

ఒకరోజు ఆ గుడిసె నుంచి అన్న కేక వేశాడు. "చంద్రీ... చదరంగం గుడ్డ తెచ్చినవా?"

తెచ్చాను. నాయిన కత్తిరించగా మిగిలిన ఎర్ర, తెల్ల ముక్కలతో కుట్టిన గుడ్డ అది. అన్నకు చదరంగమంటే ప్రాణం. నాకు కాయలు కదపడం తెలుసు... అంతే.

"కింద పర్చు. పెద్దాట వద్దు. నీకు రాజు, ఒక్క బంటు. నాకు ఒట్టి రాజు. నీ బంటు చివరి వరుసకు చేరి మంత్రి అయితే నువ్వు గెల్సినట్టు."

"గంతేనా?"

"గంతే. చేసి చూపియ్యి."

వరుసకో అంకె, గడికో అంకె పెట్టుకుని అరుచుకుంటూ ఆడాం. అన్న దగ్గర గుడ్డ లేదు, ఆటంతా తలలోనే. నేను బంటును గబగబా ముందుకు తోసేదాన్ని. అన్న రాజు వచ్చి మింగేసేవాడు.

"భయపడి బంటును ఉరికిస్తున్నవే పిల్లా! ముందుగాల రాజును తోలు. బంటు ఎన్క రావాలె."

రోజూ అదే ఆట. వేరేది అడిగితే ఒప్పుకునేవాడు కాదు. బంటును మాత్రం ఒక్కోసారి ఒక్కో గడిలో పెట్టించేవాడు. "నేనేడికి వస్తనో ముందు చెప్పు... గప్పుడు నీ ఎత్తు" అనేవాడు. మెల్లగా తెలిసింది. రెండు రాజులు ఎదురెదురుగా నిలబడి, నడుమ ఒక్క గడి ఖాళీగా ఉండి, కదలాల్సిన వంతు అన్నదైతే... అన్న పక్కకు తప్పుకోవాల్సిందే. ఆ రోజు నా బంటు మంత్రి అయింది.

"షాబాష్! ఇగ గుడ్డ మలిచి పెట్టు. నువ్వు సుత కండ్లు మూసుకొని ఆడు."

కళ్ళు మూసుకుంటే నాకు గడులు కనబడేవి కావు. పొద్దున మా ముందు నుంచే మోసుకుపోయిన పాడె కనబడేది. అన్న ఎత్తు చెప్పడం కాస్త ఆలస్యమైతే కళ్ళు తెరిచి ఆ గుడిసె వైపు చూసేదాన్ని. అయినా ఆడాను... ఆడుతున్నంతసేపూ అన్న గొంతు వినబడుతుంది కదా, అందుకు. ఆడగా ఆడగా గడులు కూడా కనబడసాగాయి.

ఒక పొద్దున అమ్మ వచ్చి "జ్వరం జర తగ్గింది" అంది. హుషారుగా ఆట మొదలుపెట్టాం. కాసేపటికి అన్న తన రాజును తెచ్చి నా రాజు పక్క గడిలో పెట్టాడు.

రాజు పక్కన రాజు నిలబడకూడదు. ఆట నేర్పేవాళ్ళు మొదటి రోజే చెప్పే సంగతి.

"అన్నా, అది నా రాజు పక్క గడి!"

మళ్ళీ అరిచాను. తర్వాత నెమ్మదిగా... "చంద్రీ, నా గుర్రం ఏడికి పోయింది?"

మా ఆటలో గుర్రమే లేదు.

లోపల బట్ట కత్తిరిస్తున్న నాయిన దగ్గరికి పరుగెత్తాను. "నాయినా, అన్న లేని గుర్రాన్ని అడుగుతుండు!"

"జ్వరం కద బిడ్డా... నిద్రమబ్బుల ఏదో అన్నడు."

"కాదు నాయినా! అన్న గసొంటి తప్పు చెయ్యడు. నిన్నటిదాంక గుడ్డ లేకుండనే ఆడిండు. అన్నకేమో అయితుంది!"

నాయిన ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. చేతిలోని కత్తెర అక్కడే పడేసి సైకిలెక్కాడు.

సోమాజిగూడ వైపు నుంచి డాక్టరును తీసుకొచ్చేసరికి అన్న అమ్మను కూడా గుర్తుపట్టడం లేదు. చంకలో గడ్డ... దవాఖానకు తీసుకుపోతే మళ్ళీ ఇంటికి రాననే భయంతో, గొంగడి కప్పుకుని అన్న ఆ సంగతి అమ్మకు కూడా తెలియనివ్వలేదు. డాక్టరు అక్కడే కోశాడు. ఆ అరుపు... వద్దులెండి.

తర్వాత చాలా రోజులు ఆ గుడిసె నుంచి మాట లేదు. అమ్మ వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఆమె ముఖం చూడాలంటే భయం. నేను గుమ్మంలో కూర్చుని ఒక్కదాన్నే ఆడేదాన్ని. నా ఎత్తు గట్టిగా అరిచేదాన్ని, అన్న ఎత్తు మనసులో అనుకునేదాన్ని.

ఒకనాడు ఎండెక్కాక, నేను అరవగానే, బొంగురుగా ఏదో వినబడింది.

"గది కాదే... రాజును తోలు."

అమ్మ చేతిలోని చెంబు కింద పడింది. నాయిన మొదటిసారి మా ముందు ఏడ్చాడు.

అన్న బతికాడు. గడ్డ కోసిన వైపు చెయ్యి మాత్రం పూర్తిగా పైకి లేచేది కాదు. ఇంటికొచ్చాక నిండు కాయలతో ఆడేవాళ్ళం. ఆట మొదట్లో అన్నదే పైచేయి... కానీ కాయలు తగ్గి రాజులు, బంట్లు మిగిలే కొద్దీ ఆయనకు చెమటలు పట్టేవి!

ఇప్పుడు ఆ బీడు ఎక్కడుండేదో నేనే చూపించలేను. పైన మెట్రో, కింద కోచింగ్ సెంటర్లు. అన్న కూడా లేడు. మా మునిమనవడు ఫోన్‌లో ఎక్కడెక్కడివాళ్ళతోనో చదరంగం సాధన చేస్తున్నాడు. మస్తు ఆడతాడు, నన్ను ఓడిస్తాడు కూడా.

మీకు ఈ ఆట నేర్పింది ఎవరు? వాళ్ళ గొంతు ఇంకా గుర్తుందా? చెప్పండి, వినాలనుంది...

మావాడికైతే అవతల ఆడుతున్నదెవరో తెలియదు. జవాబు రాకపోతే... ఇంకో ఆట మొదలుపెట్టేస్తాడు.