పడవలో ఆయ్ అనకూడదు

మా కోనసీమ వాళ్ళ నోట్లో ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పెద్దవాళ్ళు ఏం చెప్పినా ముందు "ఆయ్" అంటాం. విన్నానన్నా ఆయే, సరేనన్నా ఆయే. మీరు చెప్పింది నాకు బొత్తిగా నచ్చలేదు గానీ మీ మొహం మీద చెప్పలేను అన్నా ఆయే. మిగతా జిల్లాల వాళ్ళు దాన్ని పట్టుకుని మమ్మల్ని ఆటపట్టిస్తారు. పట్టించనివ్వండి. మర్యాద తెలిసిన మాట అది. అలాంటి మాటను కువైత్ సముద్రంలో ఒక పెద్దాయన నా నోటినుంచి లాక్కుని, చేపకి ఇచ్చేశాడు.

ఆ పెద్దాయన మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. నేను బాబా అంటాను. జహ్రాలో ఆయన ఇంట్లో నేను కారు డ్రైవర్‌ని. వచ్చిన కొత్తలో పెరట్లో ట్రైలర్ మీద గుడ్డ కప్పి ఉన్న ఫైబర్ పడవను చూసి, పాతసామాను కాబోలు అనుకున్నాను. ఆయనకి ఇంట్లో అన్నిటికంటే అదే ముద్దు. నన్ను ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితాల పని పూర్తయిందో లేదో, నన్ను పిలిచి ఆ గుడ్డ తీయించాడు. మా ఊరి చుట్టూ కాలవలేనని, చిన్నప్పుడు ఎర్రలు గుచ్చి గాలం వేసేవాణ్ణని వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. అంతే, కారుతోపాటు పడవ కూడా నా మెడకు చుట్టుకుంది.

చలి ముదరకముందు ఆయన వేటంతా చనాద్ కోసం. అంటే మన వంజరం. పడవ నెమ్మదిగా నడుస్తుంటే వెనక రెండు తాళ్ళు నీళ్ళలో ఈదుతూ వస్తాయి. వాటి చివర చిన్న చేపలా తళుక్కుమనే రేకులు, వాటికి గాలాలు. వేగం పెరిగితే రేకు పైకి తేలిపోతుంది, తగ్గితే అడుగుకి దిగి రాళ్ళలో ఇరుక్కుంటుంది. మొదటిరోజు స్టీరింగు నాకిచ్చి, తాళ్ళు తను పట్టుకుని, ఫైలకా దీవి వైపు పోనిమ్మన్నాడు.

నేను "ఆయ్" అన్నాను.

ఆయన గబుక్కున లేచి ఇంజన్ ఆపేసి నా చెయ్యి పట్టుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వేళ్ళ సందులు కూడా చూశాడు. ఏమీ అర్థం కాక నేను నిలబడ్డాను. పోనీలే అని మళ్ళీ బయల్దేరదీశాడు. కాస్త ఎడమకి తిప్పమన్నాడు. ఆయ్ అన్నాను. మళ్ళీ ఇంజన్ ఆగింది, మళ్ళీ నా చెయ్యి. ఈలోగా రెండు రేకులూ మునిగి రాళ్ళలో తగులుకున్నాయి. ఆయనకి కోపం వచ్చింది, నాకూ వచ్చింది. తర్వాత తెలిసింది, వాళ్ళకి ఒంట్లో ఏదైనా గుచ్చుకుంటే అరిచే అరుపు అదేనట. నేను మర్యాద చేసినప్పుడల్లా పాపం గాలం గుచ్చుకుందనుకున్నాడు.

మా ఊళ్ళో పెద్దలకి అలా చెబుతామని తల ఊపి చూపించి, నానా తంటాలు పడి వివరించాను. ఆయన కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నవ్వి, అక్కడికక్కడే ఒక చట్టం చేశాడు. ఇంట్లో ఎన్నిసార్లయినా అనుకో, పడవలో మాత్రం ఆ మాట అనకూడదు, చేప తగిలితే తప్ప. ఆ రోజు నుంచీ మా ఇద్దరి భాషలో ఆయ్ అంటే చేప తగిలిందని. పుట్టినప్పటి నుంచీ నోటికి అలవాటైన మాటను బిగబట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో మా వైపు వాళ్ళకే తెలుస్తుంది.

చలి వచ్చాక వేట మారేది. చేప ఆకారంలో పోసిన సీసం ముక్క కింద గాలం ఉంటుంది. దాన్ని జిగ్ అంటారు. పడవ ఆపి, దాన్ని అడుగుదాకా వదిలి, చేత్తో ఎత్తుతూ దించుతూ ఉండాలి. కింద హమూర్ చేప మూతి పెట్టినప్పుడు తాడు మీద చిన్న తుళ్ళింపు వస్తుంది. అప్పుడే లాగాలి, లేకపోతే పోతుంది. బాబా ఫిషింగ్ రాడ్ ముట్టుకోడు. రాడ్‌తో పడితే చేప కర్రతో మాట్లాడుతుంది, తాడుతో పడితే నా వేలితో మాట్లాడుతుంది అనేవాడు. గప్పాలు కొడుతున్నాడనుకునేవాణ్ణి. కానీ ఆయన చూపుడువేలు మీద తాడు వేసుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంటే నాకు ముచ్చటేసేది. ఆ మనిషంటే నాకు చాలా ఇష్టం. ఎప్పుడూ చెప్పలేదు గానీ చాలా ఇష్టం.

కిందటి చలికాలం మొదట్లో ఒకరోజు తిరిగొచ్చి, నేను ఐసుపెట్టె దింపుతున్నాను. లోపల మామా కేక వినిపించింది. మామా అంటే ఇంటావిడ, బాబా భార్య. పరిగెత్తి వెళ్ళి చూస్తే బాబా బొటనవేల్లో గాలం దిగి ఉంది. తెల్లటి దిష్‌దాషా, అదే ఆయన వేసుకునే పొడుగు అంగీ, చెయ్యంతా రక్తం. ఆయన మాత్రం నిమ్మళంగా టీ తాగుతున్నాడు. ఆవిడ చూపించేదాకా ఆయనకి తెలియనే తెలియదు.

ఆయనకి షుగరు ఉందని అందరికీ తెలుసు, వేళ్ళదాకా వచ్చిందని ఎవరికీ తెలియదు. ఆయన ఒప్పుకోలేదు. చల్లటి నీళ్ళకి మొద్దుబారాయంతే అన్నాడు. పెద్దకొడుకు ఆఫీసు నుంచి వచ్చి, చలికాలం అయిపోగానే పడవ అమ్మేద్దామన్నాడు. అతను నెమ్మదైనవాడు, తండ్రి మీద ప్రేమ లేక కాదు. తండ్రి గోల పెట్టాడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఎండలు ముదిరేలోగా ఒకరోజు కొడుకు కూడా పడవలో వస్తాడు. నాన్న ఇంకా తన చేత్తో చేప పట్టగలడని కళ్ళారా చూస్తే పడవ ఉంటుంది, లేకపోతే లేదు.

ఆ ఇంట్లో వంట చేసే అక్క రాయచోటి వైపు మనిషి. నేను సముద్రానికి బయల్దేరిన ప్రతిసారీ సరిగ్గా గుమ్మం దాటేటప్పుడు "యాడికి పోతాండావ్?" అంటుంది. అలా అడక్కూడదక్కా, ఎందాకా అనాలి అని మొత్తుకున్నా వినదు. నేను వెనక్కి వచ్చి, కాస్సేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ వెళ్ళేవాణ్ణి. బాబా అవతల హారన్ కొడుతూ ఉండేవాడు. కొడుకుతో ఒప్పందం కుదిరిన ఆ వారంలోనే ఒకరోజు ఆవిడ ఏమీ అడగలేదు. నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"తమ్ముడూ, ఆయప్పకు ఏళ్ళల్లో స్పర్శ పోయింది. మొగోళ్ళు కూచునే దివానియాలో కాఫీ పెడతా నిప్పుకణిక ఏలితో జరిపినాడు. ఉలకను గూడా ఉలకలేదు. నేను మామాకు చెప్పలా. చెప్తే పడవ పోతాది, పడవ పోతే ఈయప్ప మంచమెక్కుతాడు. నీకేమన్నా ఉపాయం ఉంటే చూడు."

ఉపాయం నాకు ఉద్యోగంలోనే దొరికింది. రేకులు ఈడ్చే రోజుల్లో తాడు ఆయన చేతిలో ఉంటే ప్రమాదం. అందుకని స్టీరింగు నా చేతిలో ఉన్నప్పుడు పడవను కావాలని వంకరటింకరగా నడిపాను. జహ్రా రోడ్ల మీద పొద్దస్తమానం కారు నడిపే మనిషిని. ఆ నడక చూసి ఆయన తిట్టి, నన్ను పక్కకి తోసి, స్టీరింగు తనే తీసుకున్నాడు. తాళ్ళు నాకు వచ్చాయి. డ్రైవర్‌గా కొంచెం సిగ్గేసింది గానీ, పని జరిగింది.

సీసం వేసినప్పుడు అది కుదరదు. అక్కడ చేతిలో తాడు ఉండాల్సింది ఆయనకే. అందుకని తాడు చిక్కుపడుతోందన్న వంకతో ఆయన వెనక కూర్చుని, తాడు చుట్టిన బద్ద నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన చేతినుంచి బద్దకి వచ్చే తాడును నా వేలిమీదుగా పోనిచ్చాను. ఆయన పట్టు వదులు కాబట్టి కింద తుళ్ళింపు నా వేలిదాకా వచ్చేది. వచ్చిన వెంటనే "ఆయ్" అనేవాణ్ణి. ఆయన చటుక్కున లాగేవాడు. మొదటిసారి అలా మంచి హమూర్ పడింది. ఆయన నా వైపు తిరగలేదు. ఇంటికి వెళ్ళి మామాకి తన చూపుడువేలు పైకెత్తి చూపించాడు, చూశావా అన్నట్టు. మామా మొహం వెలిగింది. వంటింటి కిటికీలోంచి అక్క నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చలికాలమంతా అలాగే నడిచింది. ఆయనకి తెలుసో తెలియదో నేను అడగలేదు.

కొడుకు వచ్చే రోజు రానే వచ్చింది. సముద్రం పలకలా ఉంది. ఒడ్డున షర్క్ పేట వైపు ఎత్తయిన బిల్డింగులు పొగమంచులో సగం వరకే కనిపిస్తున్నాయి. బాబా వాడుక చోటికి చేరి పడవ ఆపాం. నేను బద్ద తీసుకుని ఆయన వెనక కూర్చోబోతుంటే, కొడుకు నా భుజం మీద చెయ్యి వేసి, ఈరోజు నాన్న పక్కన నేను కూర్చుంటాను, నువ్వు ఇంజన్ దగ్గరికి వెళ్ళు అన్నాడు. బద్ద తన కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. తాడు దానిమీద ప్రాణం లేనట్టు వదులుగా పడి ఉంది. బాబా సీసం వదిలి, ఎత్తుతూ దించుతూ కూర్చున్నాడు. ఆయన మెడ వెనక భాగం చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

నేనూ ఒక తాడు వేసుకుని ఇంజన్ పక్కన కూర్చున్నాను గానీ, చూపంతా ఆయన తాడు మీదే. నీళ్ళలోకి దిగే చోట సన్నటి వలయాలు పుడుతున్నాయి. ఆయన ఎత్తినప్పుడు ఒక వలయం, దించినప్పుడు ఒకటి. చాలాసేపు అంతే. తర్వాత ఆయన చెయ్యి కదలకుండానే ఒక వలయం పుట్టింది. తాడు వణికింది.

"ఆయ్" అన్నాను, కాస్త గట్టిగానే.

కొడుకు ఉలిక్కిపడి నా దగ్గరికి వచ్చేశాడు. నా చెయ్యి లాక్కుని గాలం ఎక్కడ గుచ్చుకుందా అని వెతకసాగాడు. అచ్చం తండ్రిలాగే వేళ్ళ సందులు కూడా. అతను వెనక్కి తిరిగి చూసేసరికి బాబా రెండు చేతులా తాడు లాగుతున్నాడు. హమూర్ పడవలోకి వచ్చి పడింది. కొడుకు చేపను చూశాడు, తండ్రిని చూశాడు, దెబ్బ తగలని నా చేతిని చూశాడు. అతనికి ఏదో లెక్క కుదరలేదు, నేను తల వంచుకున్నాను.

చేప నోట్లోంచి గాలం తీయడానికి నేను వంగాను. నా తాడును చెప్పు కింద తొక్కిపెట్టి, దాని సంగతే మర్చిపోయాను. అప్పుడు బాబా గొంతు వినిపించింది. నెమ్మదిగా, కాస్త తల ఊపి, మా ఊళ్ళో పెద్దమనిషి ఎవరైనా అన్నట్టే ఉంది.

"ఆయ్."

ఆయన కళ్ళు నీళ్ళలో నా తాడు మీద ఉన్నాయి. అది వణుకుతోంది. ఇన్నాళ్ళూ ఆయన తన వేళ్ళ సంగతే కాదు, వెనక ఉన్న నా వేలి సంగతి కూడా ఎరగనట్టు నటించాడని నాకు అప్పుడు తెలిసింది. అన్నీ తెలిసే ఆయన నాకు చోటిచ్చాడు.

కొడుకు ఈసారి తండ్రి దగ్గరికి పరిగెత్తాడు. "నాన్నా, ఎక్కడ? ఎక్కడ నొప్పి?" అని ఆయన చెయ్యి తీసుకుని అరచెయ్యి తిప్పి చూశాడు. గాలం దిగిన మచ్చ, నిప్పు అంటిన మచ్చ అతనికి కనిపించాయి.

బాబా నవ్వాడు. "నొప్పి లేదు. ఎక్కడా లేదు" అన్నాడు.

కొడుకు ఆ చెయ్యి చాలాసేపు వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటీ నొక్కి చూశాడు, బాబా చూడనిచ్చాడు. తర్వాత కొడుకు లేచాడు. బద్ద తీసి నా ఒళ్ళో పెట్టి, నన్ను తండ్రి వెనక కూర్చోబెట్టాడు. బాబా మళ్ళీ సీసం నీళ్ళలోకి వదిలాడు. కొడుకు పడవ అమ్మే మాట ఎత్తలేదు.

"సముద్రానికి వచ్చినప్పుడల్లా నువ్వు ఇక్కడే కూర్చోవాలి. నువ్వు లేకుండా ఈయన రాకూడదు. అర్థమైందా?"

ఇలాంటప్పుడు అనాల్సింది మా వైపు ఒక్కటే మాట, అది నోట్లోంచి వచ్చేసింది.

"ఆయ్."

నా ముందు బాబా తటాలున తాడు లాగాడు. లాగినంత తాడూ వచ్చి, చివర ఖాళీ సీసం ముక్క పడవ అంచుకి తగిలి టంగుమంది.