తాటి పిట్ట గూళ్లకు కంపెనీ పైసలు

మొన్న పొద్దున మా ఇంటామె గ్యాస్ పొయ్యి తుడుస్తుంటే, ఆమె చేతిల ఉన్న గుడ్డను గుర్తుపట్టి చాయ్ గ్లాసు కింద పెట్టిన. ఒకప్పుడది తెల్లటి టీషర్టు. ముందట ఒక బట్టల కంపెనీ గుర్తు, వెనుక ఇంగ్లీషుల ‘ఫీల్డ్ డైరెక్టర్’ అన్న అక్షరాలు. ఇప్పుడు ఆ డైరెక్టర్ సగం పసుపు మరకల కిందికి పోయిండు. “గది సైన్సుకు పనిచేసిన అంగి. పొయ్యికి పెట్టినవా?” అన్న. “పెట్టిన. నూనె మంచిగ గుంజుతది,” అన్నది తలెత్తకుండనే.

ఆ డైరెక్టర్‌ను నేనే. సిరిసిల్ల పక్కన ఎల్లారెడ్డిపేట నుంచి కోరుట్ల మీదుగ జగిత్యాల అవతల సారంగాపూర్ దాకా సాగిన ఒక శాస్త్రీయ యాత్రను ముందుండి నడిపించిన మనిషిని. మండే ఎండల యాభై తాటిచెట్లు ఎక్కి దిగి, పిట్టల గూళ్లల్ల ఏమున్నదో కండ్లార చూసిన. సరే, ఎక్కలేదు. చెట్టెక్కాలంటే చెట్టునూ నడుమునూ కలిపి మోకు వేసుకోవాలె. నా నడుము చుట్టూ తిరిగొచ్చేంత మోకు మా బావ దగ్గర లేకుండె. నీడకు కుర్చీ వేసుకొని నోటుబుక్కుల రాసిన. సగం రోజులు రాసింది కూడ నేను కాదు. ఇక ఆ పదవి, కోరుట్లల టీషర్టుల మీద అచ్చు కొట్టే నా దోస్తుకు చెప్పి నాకు నేను ఇచ్చుకున్నదే. “క్యా భాయ్, అందరికీ ఉత్త కంపెనీ గుర్తు, నీకొక్కనికి వెనుక గూడ రాయాల్నా?” అని ఆయన నవ్విండు. “రాయి. వెనుక నుంచి చూసేటోళ్లకు తెల్వద్దా నేనెవరో?” అన్న.

అసలు యాత్ర మా మేనకోడలిది. మా చెల్లె బిడ్డ. వాళ్ల బాపు సారంగాపూర్ దిక్కు కల్లు గీత పని చేస్తడు. వయసుల నాకంటె చిన్నోడే గాని చెల్లె మొగడు కాబట్టి నాకు బావ. నేను ఆయనకు బావ. ఈ పిల్ల హైదరాబాద్ యూనివర్సిటీల పిట్టల మీద పరిశోధన చేస్తుండె. తాటిచెట్టుకు వేలాడే ఎండు కమ్మల వెనుక బూడిదరంగు పిట్ట ఒకటి కాపురం చేస్తది. పిడికిట్ల పట్టేంత ఉంటది. మేం కల్లు తాగుతు మెడ ఎత్తి వందసార్లు చూసి ఉంటం, పేరు అడగాలని ఎవ్వరికీ తోచలేదు. ఆ పిట్ట నేల మీద వాలదట. గాలిల తేలే ఈకలు, దూది పోగులు ఎగురుకుంటనే పట్టుకొని, తన ఉమ్మితోనే కమ్మకు అంటించి గూడు కడతది. గాలికి కమ్మ ఊగితె గుడ్డు జారిపోవద్దని గుడ్డును గూడ ఉమ్మితోనే అంటిస్తదట. ఈ సంగతి విన్న రోజు నాకు అన్నం సయించలేదు. నలభై ఏండ్లు ఆఫీసుల కవర్లు అంటించినోన్ని, ఆ పిట్ట ముందు నేనెంత?

సిరిసిల్ల దగ్గర విడిచిపెట్టిన పాత గూడొకటి విప్పి చూస్తే, మా మేనకోడలికి అందుల చిలకపచ్చ పోగు దొరికింది. మరమగ్గాల సందుల గాలిల ఎప్పుడూ దూది తేలుతనే ఉంటది గదా, పిట్ట దాన్ని పట్టుకపోయింది. “మరి ఆ దూది ఎంత దూరం పోతది మామా? ఎల్లారెడ్డిపేట దాకనా? కోరుట్ల దాకనా? మా ఊరి దాకనా?” అని అడిగింది. గింతే ఆమె పరిశోధన. ఇంత చిన్న ప్రశ్న కోసం మూడు తాటివనాలల్ల ఒక సీజన్ అంతా గూళ్లు చూడాలె. పిల్లలు ఎగిరిపోయినంక ఆ గూళ్లు విప్పి లోపల ఏమున్నదో చూడాలె. చెట్టెక్కేటోళ్లకు కూలి కావాలె, తిరగడానికి బండి కావాలె. ఆమెకొచ్చే ఫెలోషిప్ అయిపోయింది. వానలు పడేలోపు ఈ పని తెమలకపోతె పీహెచ్‌డీ సీటు ఉండదని ఆమె గైడు సారు చెప్పిండు.

అప్పుడు నేను రంగంల దిగిన. మండలాఫీసుల ఉన్నన్ని రోజులు అర్జీలు రాసుట్ల నాది పెట్టింది పేరు. సైన్సుకు గ్రాంట్లు ఇచ్చే ఒక సంస్థకు ఆమె పంపే దరఖాస్తును ఆమెకు చెప్పకుండ కొద్దిగ బాగుచేసిన. మూడు వనాలను ముప్పై చేసిన. ‘నలభై ఏండ్లు పక్షులను పరిశీలించిన సీనియర్ నిపుణుని పర్యవేక్షణలో’ అని ఒక వాక్యం కలిపిన. కొన్ని రోజులకు జవాబొచ్చింది: ఆ నలభై ఏండ్ల పరిశీలన రికార్డులు దయచేసి పంపగలరు. ఏం పంపాలె? నేను పరిశీలించినవి ఆఫీసు కిటికీల కూసునే పావురాలు, అవి ఫైళ్ల మీద చేసిన పనులు. ఆ గ్రాంటు గట్ల పోయింది. మా మేనకోడలు ఆ రోజు నాతోని మాట్లాడలేదు. మరునాడు మాత్రం, “మామా, నువ్వు ఇకనుంచి కామాలు, చుక్కలు మాత్రమే సరిచెయ్యి,” అన్నది.

తర్వాత ఒక బట్టల కంపెనీ దొరికింది. ఊళ్లకు మంచి పనులు చేయడానికి వాళ్ల దగ్గర వేరే పైసలుంటయట. హైదరాబాద్‌ల దాని బాధ్యత చూసే మేడంకు మా పిల్ల ముందే చెప్పింది: మగ్గాల దూది పిట్టకు మంచిదని తేలొచ్చు, చెడ్డదని తేలొచ్చు, ఏది తేలితే అదే రాస్త. ఆమె ఒప్పుకున్నది. సగం సొమ్ము ముందే ఇచ్చిండ్రు, టీషర్టులు ఇచ్చిండ్రు. అన్నిటికన్నా దూరపు వనం, అంటే మా బావ వనం, వచ్చి చూసినంక మిగతా సగం ఇస్తమన్నరు.

ఇక్కడ మా బావ సంగతి చెప్పాలె. గీత పని చేసేటోళ్లకు చెట్టు నున్నగ ఉండాలె. ఎండు కమ్మలు ఎప్పటికప్పుడు కోసెయ్యాలె. చెట్టును చూసి మనిషి పనితనం చెప్తరు. బిడ్డ కోసం మా బావ ఆ యేడు తన చెట్లకు కత్తి పెట్టలేదు. చెట్ల మెడల చుట్టూ ఎండు కమ్మలు గడ్డాల లెక్క వేలాడుతుండె. కల్లు మండువ దగ్గర తోటోళ్లు ఆయనను రోజూ ఆడుకున్నరు. “ఏమే, చెట్లకేమన్న మొక్కున్నదా? వేములవాడకు తోల్కపోయి వెంట్రుకలు తీపిస్తవా?” ఆయన ముంత దించకుండనే, “మా బిడ్డ చదువు అయిందాకా గింతే,” అనేటోడు. మూడు నెలలు గట్లనే భరించిండు.

మేడం వచ్చే రెండ్రోజుల ముందు నేను బావకు ఫోన్ చేసిన. వచ్చేది ఒక్క మేడం, ఒక డ్రైవర్. నేను చెప్పింది మాత్రం కంపెనీ మాలికులు, ఢిల్లీ సైంటిస్టులు, టీవీ కెమెరాలు. “మన పిల్ల ఇజ్జత్‌కా సవాల్, బావా. వనం అద్దం లెక్క ఉండాలె.”

“అంటే కమ్మలు గూడ తియ్యాల్నా బావా?” అని అడిగిండు.

ఆ మాట నాకు ఇనబడలేదని ఇన్నేండ్లు బయటోళ్లకు చెప్పిన. ఇనబడ్డది. అప్పుడు నా ముందు కాగితం మీద, మేడం ముందు చదవాల్సిన నా స్వాగతోపన్యాసం ఉండె. ‘ఎల్లలు లేని విజ్ఞానం’ తర్వాత ఏం రాయాల్నా అని ఆలోచిస్తున్న. “అన్నీ తియ్యి బావా, ఒక్కటి మిగలద్దు,” అని ఫోన్ పెట్టేసిన. ఆ మొత్తం మాట రెండు నిమిషాలు.

ఆ రోజు పొద్దున నేను ముందే పోయిన, ఆ టీషర్టు వేసుకొని. వనంల చెట్లు కరెంటు స్తంభాల లెక్క నున్నగ నిలబడి ఉన్నయి. గట్టు పక్కన కోసిన కమ్మల కుప్ప. బావ కొత్త ధోతి కట్టుకొని, కుర్చీలు తుడుస్తున్నడు. “చూడు బావా, ఎట్లున్నదో!” అన్నడు మురిసిపోతు. నేను నోరు తెరిచేలోపు కారు వచ్చింది. ఎల్లారెడ్డిపేట వనం చూపించి, మా మేనకోడలే మేడంను తీసుకొచ్చింది.

పిల్ల దిగింది. చెట్ల దిక్కు చూసింది. మేడం మెడ ఎత్తి, “గూళ్లు ఎక్కడుంటాయండీ?” అని అడిగింది.

“నిన్న సాయంత్రం గాలి మేడం!” అన్న నేను. ఒకసారి మొదలైతే నా నోరు నా మాట ఇనదు. “గసొంటి గాలి నా జన్మల చూడలె. చెట్లు నేలకు వంగినయి. నేను ఈ చేతులతోని ఒక చెట్టును పట్టుకొని ఆపిన.” మేడం పక్కనున్న మామిడితోట దిక్కు చూసింది. పిందె ఒక్కటి రాలలేదు. ఆమె బావ వైపు తిరిగి, “అవునాండీ?” అని మెల్లగ అడిగింది.

మా బావ నన్ను చూసిండు. కుప్పను చూసిండు. మేడం చూడనీకి వచ్చింది ఆ గూళ్లనేనని ఆయనకు అప్పుడు అర్థమైంది. ముఖం నల్లబడ్డది. కాని భార్య అన్నను పరాయోళ్ల ముందు చిన్నబుచ్చుడు ఆయనకు చేతగాదు. “గాలే మేడం,” అన్నడు.

మా మేనకోడలు నన్ను చూడలేదు. వాళ్ల బాపునే చూసింది. ఆయన నోట్లకెల్లి అబద్ధం వచ్చుడు ఆ పిల్ల అంతకు ముందు చూసి ఉండదు. ఆ చూపు నేను తట్టుకోలేకపోయిన. “గాలి కాదు మేడం,” అన్న. “నేను. మీరు వస్తున్నరని గొప్పలు చెప్పి, నేనే కోయించిన. ఆయన అడిగిండు. నేనే తియ్యుమన్న.”

బావ పోయి కుప్ప పక్కన కూసున్నడు. బిడ్డ పని అయిపోయింది కాబట్టే నేను తియ్యుమన్న అనుకున్నడట. పిల్లలున్న గూళ్లు కనబడితె ఆ కమ్మలను పక్క చెట్టుకు తాళ్లతోని కట్టి చూసిండట. తల్లులు మళ్ల రాలేదట. అది బిడ్డకు చెప్పుకుంట కమ్మలను ఒక్కొక్కటి తిప్పి చూసిండు. ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసి, నా దిక్కు తిరిగి ఒక్కటే మాట అన్నది: “నీ అబద్ధాలు నాకు అలవాటే మామా. ఇయ్యాల మా బాపుతోని ఆడించినవ్ చూడు.”

రిపోర్టుల ఆమె ఉన్నదున్నట్టు రాసింది. కంపెనీ ధన్యవాదాలు చెప్పింది, రెండో సగం రాలేదు. వాళ్ల తప్పేమీ లేదు. చూడనీకి వచ్చింది పిట్టలను, మేం చూపించింది కోసిన కమ్మలను. ఆ సీజన్ పోయింది. సీటు మాత్రం ఇంకొక్క యేడు ఉంచేటట్టు వాళ్ల సారు ఎట్లనో ఒప్పించిండు. ఆ యేడంతా ఆమె జగిత్యాలల ఒక ప్రైవేటు కాలేజీల పాఠాలు చెప్పుకుంట, ముందటి సంస్థకే కొత్తగ దరఖాస్తు రాసింది. రెండు పేజీలు. ‘మా తప్పువల్లనే ఒక వనంల గూళ్లు పోయినయి, కమ్మలు ఎప్పుడు కోస్తరన్నది ఈ పిట్టలకు ఎంత ముఖ్యమో మాకు అప్పుడే తెలిసింది, ఈసారి గీత కార్మికులే బృందంల సభ్యులు’ అని అందుల ఉండె. నేను పెన్ను తీసిన. ఆమె నా చేతిలకెల్లి పెన్ను తీసుకొని జేబుల పెట్టింది. చిన్న గ్రాంటే గాని వచ్చింది. మా బావ మళ్ల చెట్లకు గడ్డాలు పెంచిండు, మళ్ల అందరితోని మాటలు పడ్డడు.

చివరికి సారంగాపూర్ గూట్ల చిలకపచ్చ పోగు మెరుస్తు దొరికిందని నేను జగిత్యాల బస్టాండుల చాలమందికి చెప్పిన. దొరకలేదు. మగ్గాల దూది ఎల్లారెడ్డిపేట గూళ్లల్ల నిండుగ ఉన్నది, కోరుట్ల రాకముందే మాయమైంది. మా బావ చెట్ల మీద దొరికినవి బూరుగు దూది, కోడి ఈకలు. “ఇంత తిరిగి ఏం దొరకనట్టేనా బిడ్డా?” అంటే, “దొరికింది మామా. ఎక్కడ ఆగుతదో దొరికింది,” అన్నది. ఆ మాట అన్నప్పుడు ఆమె కండ్లు చూడాల్సింది.

ఆమెకు డాక్టరేట్ వచ్చింది, ఒక యేడు ఆలస్యంగ. ఆ ముచ్చట ఆమె ఎన్నడూ ఎత్తలేదు. ఒకసారి నేనే అన్న, “నీదొక యేడు నేను పోగొట్టిన బిడ్డా. నాకు మిగిలినవాటిల నుంచి ఒకటి తీసుకో.” ఇది మాత్రం పెంచి చెప్పిన మాట కాదు. ఆమె నవ్వింది. “నీ యేడు నేనేం జేసుకోను మామా, అది ముసలిది,” అన్నది. ఏండ్లకు గూడ వయసుంటదని, ఒకరి యేడు ఇంకొకరికి సరిపోదని, డెబ్బై దాటినంక నాకు ఆ పిల్ల నోటితోనే తెలిసింది.